మన్యం దిగి... బంజారాహిల్స్ ఎక్కి

ఒకే కొండ మీద పండే రెండు పంటలు. ఒకటి పారిస్ దాకా వెళ్లింది. ఇంకోటి పండించినవాణ్ని జైలుకు పంపింది. హైదరాబాద్ నడిబొడ్డున, ఒకే గుట్ట మీద, ఆ రెండింటికీ చిరునామాలున్నాయి.

బంజారాహిల్స్‌లో చిరునామా చెప్పాలంటే ముందు అంకె చెప్పాలి. ఆటో డ్రైవరైనా, కొరియర్ కుర్రాడైనా, శుభలేఖ ఇవ్వడానికొచ్చిన చుట్టమైనా మొదట అడిగేది 'రోడ్ నంబర్ ఎంత?' అనే. ఒకటో నంబరంటే స్టార్ హోటళ్లు, షాపింగ్ మాల్. రెండంటే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఆ పైన కేబీఆర్ పార్కు. పద్నాలుగంటే నందినగర్. ఇలా ఒక్కో అంకెకూ ఒక్కో గుర్తు.

ఈ అంకెల్లో రెండో నంబరుకీ పన్నెండో నంబరుకీ ఓ చుట్టరికం ఉంది. పైకి చూస్తే కనిపించదు. ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, ఒకప్పటి విశాఖ మన్యం, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో పండే రెండు పంటలు ఈ రెండు రోడ్లకూ వియ్యం కలిపాయి. ఒకటి కాఫీ. రెండోది గంజాయి, దాన్నుంచి తీసే హషీష్ నూనె. రెండూ పండేది అవే వాలుల మీద. కోతకొచ్చేదీ దాదాపు ఒకే కాలంలో, చలి ముదిరే నవంబరు నుంచి. కోసేదీ అవే చేతులు. మరి ఒక చేతికి పతకం, ఇంకో చేతికి బేడీలు ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందు ఈ గుట్టకు పేరిచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లాలి.

పేరు మాత్రం మిగిలింది

ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన వర్తకులు బంజారాలు. ఆ వర్తకాన్ని వాళ్లు 'లదేణీ' అంటారు. మొఘలుల సైన్యాలు దక్కనుకు దిగినప్పుడు వెనకాలే ధాన్యం మోసుకొచ్చింది వీళ్లే. నీళ్లూ గడ్డీ దొరికేచోట, ఊరికి ఎడంగా తండాలు వేసుకునేవారు. హైదరాబాద్ బయటి రాళ్లగుట్టలకు వాళ్ల పేరు అలాగే అంటుకుంది.

తర్వాత రైళ్లొచ్చాయి. ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చింది. ఎద్దుల వర్తకం ఎత్తిపోయింది. అది చాలదన్నట్టు 1871లో బ్రిటిష్‌వారు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. చాలాచోట్ల లంబాడీలు పుట్టుకతోనే నేరస్థుల జాబితాకెక్కారు. నిన్నటిదాకా సైన్యాలకు అన్నం పెట్టినవాళ్లు పోలీస్ స్టేషన్లో హాజరు వేయించుకోవాల్సి వచ్చింది. ఆ ముద్ర చెరగడానికి 1952 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈలోగా గుట్టలు చేతులు మారాయి. 1930ల్లో నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ ఇక్కడి బండరాళ్లను కలుపుకునే ఇల్లు కట్టుకున్నారు. 1933లో హైదరాబాద్ వచ్చిన రవీంద్రనాథ్ టాగోర్ ఆయన అతిథిగా ఈ గుట్ట మీదే ఉన్నారు. అదే మెహదీ నవాజ్ జంగ్ 1960లో గుజరాత్ తొలి గవర్నరయ్యారు. ఆయన దారిలోనే నవాబులు, అధికారులు, ఆ తర్వాత సినిమావాళ్లు, పారిశ్రామికవేత్తలు వచ్చారు. ఇప్పుడిక్కడ గజం ధర లక్షల్లో మాట. బంజారా కుటుంబాలు నందినగర్‌లాంటి బస్తీల్లో మిగిలాయి.

వర్తకం తన చేతిలో ఉన్నంతకాలం మనిషి షావుకారు. అది చేజారితే అనుమానితుడు. ఈ కొండ పేరులోనే ఆ కథ ఉంది. మన్యంలో ఇప్పుడు నడుస్తున్నదీ అదే.

పన్నెండో నంబరు: చిన్న సీసా, పెద్ద శిక్ష

రోడ్ నంబర్ 12లో 20 అంతస్తుల అద్దాల టవర్ ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. 2022 ఆగస్టు 4న ప్రారంభమైన పోలీస్ కమాండ్ కంట్రోల్ సెంటర్ అది. మాదకద్రవ్యాల మీద ప్రత్యేకంగా పనిచేసే రాష్ట్ర బ్యూరో 2023లో ఇక్కడే మొదలైంది. 2025లో దాని పేరు 'ఈగల్'గా మారింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2024లో ఇదే పేరుతో ఓ దళం ఏర్పాటైంది. రెండు రాష్ట్రాలూ ఒకే గద్ద పేరు పెట్టుకోవడం యాదృచ్ఛికం కావచ్చు. అవి కన్నేసిన దారి మాత్రం ఒకటే... మన్యం నుంచి మైదానానికి దిగే దారి.

ఆ దారిలో ఒకప్పుడు గోతాలు వచ్చేవి. ఇప్పుడు సీసాలు కూడా వస్తున్నాయి. వాటిలో ఉండేది హషీష్ ఆయిల్.

గంజాయి ఆడమొక్క పూతకొచ్చినప్పుడు పూలగుత్తుల మీది సన్నటి నూగులో ఒక జిగురు ఊరుతుంది. మత్తులో ఎక్కువ పాలు దాంట్లోదే. పూతను ఎండబెడితే గంజాయి. జిగురును మాత్రమే వేరుచేస్తే చరస్, దానికే హషీష్ అని మరో పేరు. హిమాచల్ ప్రదేశ్‌లోని మలానాలో పచ్చి పూతను అరచేతుల మధ్య గంటల తరబడి రుద్ది, చేతులకంటిన నల్లటి జిగురును ఉండలు చేస్తారు. అఫ్గానిస్థాన్, లెబనాన్, మొరాకోల్లో ఎండిన పూతను జల్లించి, రాలిన పొడిని ఒత్తి బిళ్లలు చేస్తారు. సంప్రదాయ హషీష్ అంటే ప్రధానంగా ఈ రెండు పద్ధతులే.

మన్యం నుంచి వచ్చే నూనెకు అలాంటి సంప్రదాయమేమీ లేదు. రసాయనాలతో పిండిన చిక్కటి ద్రవం అది. గోతాన్ని దాచడం కష్టం, వాసన పట్టిస్తుంది. సీసా అయితే జేబులో పడుతుంది. దళారుల అవసరం కోసం పుట్టిందే తప్ప, ఏ తాతా మనవడికి నేర్పిన విద్య కాదు.

పిల్లల్ని హాస్టళ్లలో చేర్పించిన తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన లెక్క ఒకటుంది. దేశమంతటా 1985 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న మాదకద్రవ్యాల చట్టం గంజాయినీ హషీష్‌నూ ఒకే గాటన కట్టదు. గంజాయి 20 కిలోలుంటే 'వాణిజ్య పరిమాణం'. అదే హషీష్ అయితే ఒక్క కిలో చాలు. నూనె కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఆ గీత దాటితే పదేళ్ల నుంచి ఇరవయ్యేళ్ల దాకా కఠిన జైలు శిక్ష, కనీసం లక్ష రూపాయల జరిమానా. బెయిలు దొరకడమూ గగనమే. కొద్ది పరిమాణం అన్నదానికీ కొలత ఉంది. గంజాయికి కిలో, హషీష్‌కు 100 గ్రాములు. అంతకు లోపే అయినా ఏడాది దాకా జైలుశిక్ష పడొచ్చు. 'స్నేహితుడు ఇచ్చాడు, బ్యాగులో పెట్టుకున్నా' అన్న మాట దొరికిపోయాక పెద్దగా అక్కరకు రాదు.

నేల వాళ్లది... బేరం ఎవరిదో

సీసా వెనక్కి ప్రయాణం కడదాం. హైదరాబాద్ నుంచి రాజమండ్రి, నర్సీపట్నం మీదుగా ఘాట్‌రోడ్డు ఎక్కితే చింతపల్లి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మొట్టమొదట తుపాకులు ఎత్తుకెళ్లిన పోలీస్ స్టేషన్ ఉన్న ఊరు ఇదే. అక్కణ్నుంచి జీకే వీధి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు. ఆపైన ఒడిశా. కొండదొర, భగత, వాల్మీకి, పోర్జ, గదబ, కోదు తెగల ఊళ్లు. మ్యాపులో రెండు ఊళ్ల మధ్య కనిపించే నాలుగు కిలోమీటర్లు, కాలినడకన సగం పూట ప్రయాణమయ్యే చోట్లు ఇక్కడ చాలా ఉన్నాయి.

ఈ నేలకు ఓ రక్షణ కవచం ఉంది. జనం నోట '1/70 చట్టం'గా నానిన 1970 నాటి భూబదలాయింపు నిబంధన. ఏజెన్సీలో భూమిని గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఆ కవచాన్ని మరింత గట్టి చేసింది. గనుల తవ్వకానికి ప్రైవేటు కంపెనీలకు లీజులివ్వడం కూడా కుదరదని చెప్పింది.

గంజాయి వ్యాపారి ఈ కవచాన్ని తనకు గొడుగు చేసుకున్నాడు. అతను భూమి కొనడు. కొనలేడు, కొనాల్సిన అవసరమూ లేదు. విత్తనం ఇస్తాడు, చేబదులు ఇస్తాడు. 'శీలావతి' లాంటి రకాలకు పైన గిరాకీ ఉందంటాడు. మూట కట్టే నాటికి వచ్చి తీసుకుపోతాడు. రేషన్ సరుకుల కోసమే కొండ దిగాల్సిన ఊళ్లో, ఇంటి ముందుకొచ్చి సరుకు కొనేవాడు దొరకడం చిన్న సంగతి కాదు. ఆర్నెల్లలో డబ్బు చేతికొస్తుందంటే ఆశపడటమూ వింత కాదు. కానీ పోలీసులొచ్చినప్పుడు చేను ఎవరిదని చూస్తారు. మూట ఎవరి భుజం మీద ఉందని చూస్తారు. చేను ఆదివాసిది. భుజం కూలికొచ్చిన కుర్రాడిది. పెట్టుబడి పెట్టినవాడి పేరు ఏ పట్టా పుస్తకంలోనూ ఉండదు. ఒక్క సాగుకే పదేళ్ల దాకా శిక్ష వేయగల చట్టం ముందు నిలబడేది, కోర్టు కాగితం చదవడం రానివాడు.

2021 అక్టోబరు చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' మొదలుపెట్టారు. వేల ఎకరాల్లో మొక్కల్ని నరికేశారు. కొన్ని ఊళ్లలో గ్రామస్థులే కత్తులు పట్టుకుని తమ చేలు తామే కొట్టేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని గుట్టలుగా పోసి తగలబెట్టారు. తర్వాత డ్రోన్లు వచ్చాయి, ఉపగ్రహ చిత్రాలు వచ్చాయి. మన్యంలో సాగు బాగా తగ్గింది. సరిహద్దు అవతల ఒడిశా కొండల్లో మాత్రం ఆగలేదు. సరుకు మోసే పనికి ఇటువైపు కుర్రాళ్లు ఇంకా దొరుకుతూనే ఉన్నారు.

కౌంటర్‌లో కూర్చున్నది ఎవరు?

ఇదే మొక్క, ఇదే హషీష్... ప్రపంచంలో మరోచోట ఎలా ఉందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి గంజాయి అమ్మకం చట్టబద్ధం. మన పిల్లలు చదువుకునే టొరంటో నుంచి మాంట్రియల్ వైపు వెళ్లే దారిలో టైండినాగా అనే మోహాక్ తెగ ప్రాంతం వస్తుంది. అక్కడ రోడ్డు పక్కన గంజాయి దుకాణాలు వరసగా కనిపిస్తాయి. నడిపేది అక్కడి మూలవాసులే. అఫ్గాన్ పద్ధతి, లెబనాన్ పద్ధతి అంటూ సంప్రదాయ రకం హషీష్ కూడా ఇలాంటి కొట్లలో అమ్ముతారు. చాలా దుకాణాలకు ఒంటారియో ప్రభుత్వ లైసెన్సు లేదు. 'ఈ నేల మీద వర్తకం మా జన్మహక్కు, లైసెన్సు ఇవ్వడానికి మీరెవరు?' అన్నది వాళ్ల వాదన. ప్రభుత్వం ఒప్పుకోదు. తగవు నడుస్తూనే ఉంది. బ్రిటిష్ కొలంబియాలో కొన్ని తెగలు మాత్రం రాష్ట్రంతో కూర్చుని ఒప్పందాలు రాసుకున్నాయి.

విచిత్రం ఏమిటంటే ఆ మొక్క మోహాక్‌లది కాదు, ఆసియాది. హషీష్ పద్ధతీ వాళ్ల తాతలది కాదు. అయినా కొట్టు వాళ్లది, గల్లాపెట్టె వాళ్లది, తప్పొప్పుల తగవులో మాట్లాడే గొంతూ వాళ్లదే. తరతరాలుగా చేతులతో చరస్ రుద్దిన మలానా మాటేమిటి? ఆ ఊరి పేరు ఆమ్‌స్టర్‌డామ్ కాఫీషాపుల మెనూలకెక్కింది. ఊళ్లో వాళ్లకు మాత్రం ఎప్పుడు పోలీసులొస్తారోనన్న భయమే మిగిలింది.

దీన్నిబట్టి మన దగ్గరా గంజాయి కొట్లు తెరవాలని కాదు. పదహారేళ్ల పిల్లాడి బుర్రకు అది చేసే చెరుపు కెనడాలోనైనా, కూకట్‌పల్లిలోనైనా ఒకటే. గమనించాల్సింది వేరే ఉంది. సరుకు ఏదైనా, దాని మీద మాట చెల్లేది ఎవరికి? ఈ ప్రశ్నకు మన్యం దగ్గర ఇంకో జవాబు ఉంది. అది రెండో నంబరు రోడ్డులో కనిపిస్తుంది.

రెండో నంబరు: పొగలు కక్కే జవాబు

ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రి ఉన్న ఈ రోడ్డు మీదే ట్రెండ్‌సెట్ టవర్స్‌లో ఏళ్ల తరబడి నడిచింది నాంది ఫౌండేషన్ కార్యాలయం. డాక్టర్ కల్లం అంజిరెడ్డి చొరవతో 1998లో పుట్టిన సంస్థ. 2000 తర్వాత ఈ సంస్థ అరకు వైపు కాఫీ రైతులతో పని మొదలుపెట్టింది. అప్పటికి అటవీశాఖ, కాఫీ బోర్డు, పాడేరు ఐటీడీఏ పోడు మాన్పించేందుకు కాఫీ మొక్కలు నాటించి ఉన్నాయి. మొక్క ఉంది, రేటు లేదు. కాయను కల్లంలో ఆరబోసి, వచ్చిన దళారికి వచ్చిన ధరకు ఇచ్చేసేవారు.

మారింది మొక్క కాదు, చేసే పని. ఎర్రగా పండిన కాయల్నే ఏరడం, అదేరోజు తోలు తీయించడం, సిల్వర్ ఓక్ నీడన పెంచడం, ఆ చెట్లకే మిరియాల తీగ పాకించడం, ఎరువు తామే చేసుకోవడం. అన్నిటికన్నా ముఖ్యం, రైతులు ఒక సహకార సంఘంగా ఏర్పడటం. తూకం వేసేదీ, రుచి పరీక్షకు నమూనా పంపేదీ ఆ సంఘమే. 2017లో పారిస్‌లో 'అరకు' పేరుతో దుకాణం తెరిచారు. 2018లో అదే నగరంలో జరిగిన ప్రి ఎపిక్యూర్ పోటీలో అరకు కాఫీకి బంగారు పతకం వచ్చింది. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2021లో బెంగళూరు ఇందిరానగర్‌లో కాఫీ కేఫ్ వెలిసింది. జిల్లాలో కాఫీ తోటలు ఇప్పుడు 2 లక్షల ఎకరాలకు పైమాటే.

అయితే ఇక్కడా ఓ మెలిక ఉంది. రైతుల సంఘం రైతులదే. పారిస్, బెంగళూరు దుకాణాల వెనకున్న కంపెనీ మాత్రం ఆదివాసులది కాదు. సామాజిక బాధ్యతగా పెట్టుబడి పెట్టిన పారిశ్రామికవేత్తలది. ఇంకోవైపు 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ, అదే మన జీసీసీ, కాఫీ కొంటుంది, తన డిపోల్లో తేనెతో, చింతపండుతో పాటు అమ్ముతుంది. పేరులో సహకారం ఉన్నా అది ప్రభుత్వ యంత్రాంగం. గింజ ఆదివాసిది, కప్పు దాకా తెచ్చే దారి ఇంకొకరిది. దళారి కన్నా వెయ్యి రెట్లు నయమే. కానీ మోహాక్ కుర్రాడు కూర్చున్నట్టు తన కౌంటర్ వెనక తాను కూర్చోవడానికి అరకు కుర్రాడికి ఇంకా కొన్ని మెట్లున్నాయి.

పైగా కాఫీ ఓపిక అడిగే పంట. నాటిన నాలుగేళ్లకు గానీ సరైన కాపు రాదు. డబ్బు ఏడాదికి ఒక్కసారే. 2025లో అరకు తోటల్లో కాయ తొలిచే బెర్రీ బోరర్ పురుగు కనిపించింది. వ్యాపించకుండా ఉండాలని కాయల్ని కోసి నాశనం చేయాల్సి వచ్చింది. అలాంటి ఏడాదే విత్తనం సంచితో దళారి మళ్లీ తలుపు తడతాడు. అప్పుడు ఆ ఇంటిని నిలబెట్టాల్సింది డ్రోన్ కాదు, సమయానికి అందే పరిహారం, వాయిదా వేయకుండా కొనే సంఘం.

పదో నంబరు

చివరిగా రోడ్ నంబర్ 10. ఇక్కడ రెండు కొత్త భవనాలున్నాయి. కుమురం భీం ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్. 2022 సెప్టెంబరు 17న ప్రారంభమయ్యాయి. బంజారాల పేరున్న కొండ మీద బంజారాలకు ఓ చోటు దొరకడానికి ఇన్నేళ్లు పట్టింది. ఆదిలాబాద్ గోండు పెద్దాయన పని మీద నగరానికొస్తే 'మా భవన్' అని చెప్పుకోగల చిరునామా ఒకటి ఏర్పడింది. ఇక్కణ్నుంచి కిందికి దిగితే మాసాబ్ ట్యాంక్‌లో గిరిజన మ్యూజియం ఉంది. ఆదివాసుల నగలు, పనిముట్లు, డోళ్లు అద్దాల వెనక చూడొచ్చు.

సభలకు భవనం ఉంది, చూడ్డానికి మ్యూజియం ఉంది. పట్టుకోవడానికి పన్నెండో నంబర్లో టవరుంది. ఇంత పెద్ద బంజారాహిల్స్‌లో, ఒకటో నంబరు నుంచి పద్నాలుగో నంబరు దాకా ఉన్న కాఫీ షాపుల్లో, ఓ ఆదివాసీ సంఘం తన గింజను తానే వేయించి, తన పేరుతో తానే అమ్ముకునే కొట్టు మాత్రం ప్రధాన రోడ్ల మీద కంటికి ఆనదు. ఎద్దుల మీద సరుకు వేసుకుని దేశాన్ని పోషించిన వర్తకుల పేరు పెట్టుకున్న కొండకు అది లోటే.

ఏటా నవంబరులో మన్యం మీద మంచు కమ్ముకుంటుంది. కాఫీ కాయలు ఎర్రబడతాయి. ఎక్కడో లోయ మడతల్లో ఇంకో పంటా కోతకొస్తుంది. ఏ చేనువైపు నడవాలో ఆ ఇల్లాలు తేల్చుకునేది పోలీసుల మాట విని కాదు, కిందటేడు ఏ పంట డబ్బు పూర్తిగా చేతికొచ్చిందో గుర్తుచేసుకుని. ఈసారి అరకు కాఫీ పొట్లం కొనేటప్పుడు వెనకవైపు తిప్పి, అది ఏ సంఘానిదో, రైతుకు ఎంత చేరుతుందో ఒక్క నిమిషం చదవండి. రాసి లేకపోతే కొట్టువాణ్ని అడగండి.